జారుముడి: గోదావరి పడవ, గాలి, భద్రత

తెరచాప పడవలో మొదటి రక్షణ తెరచాప తాడు. తెరచాప కొయ్యకు ఏటవాలుగా వేలాడే వెదురుకు చాప కట్టి ఉంటుంది. చాప కింది కొసకు కట్టిన తాడు చుక్కాని దగ్గర కూర్చున్నవాడి చేతిలో ఉంటుంది. తాడు లాగితే చాప గాలి పోసుకుంటుంది, వదిలితే గాలి జారిపోయి చాప రెపరెపలాడుతుంది. ఆ వదిలే వీలు ఉన్నంతసేపే పడవ మనిషి అదుపులో ఉంటుంది. అందుకే ఆ తాడుకు పీటముడి పనికిరాదు. పడవ అంచునున్న మేకుకు ఒక్క చుట్టు చుట్టి కొసను చేత్తో పట్టుకోవాలి. కట్టక తప్పకపోతే ఒక్క లాగుకు ఊడిపోయే జారుముడి వేయాలి. తడిసిన కొబ్బరి తాడు ఉబ్బి ముడిని బిగించేస్తుంది. విప్పబోతే వేళ్ళు నొప్పి పుట్టడమే తప్ప ముడి రాదు. చేతికందే చోట పదునైన కత్తి ఉండాల్సింది ఆ క్షణం కోసమే.

గోదావరి డెల్టాలో ఈ విద్యకు చాలా కాలం రోజువారీ అవసరం ఉండేది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు పొలాలకు నీళ్ళతో పాటు పడవలకు దారిని కూడా ఇచ్చాయి. లాకులు దాటుకుంటూ ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు పడవల మీదే ప్రయాణించేవారు. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగేవారు. రాజమండ్రి దగ్గర 1900లో వచ్చిన హేవలాక్ వంతెన రైలుకే పరిమితం. రోడ్డు కూడా ఉన్న వంతెన 1974లో గానీ రాలేదు. అప్పటిదాకా ఎదుటనున్న కొవ్వూరు ఒడ్డుకు వెళ్ళాలంటే రైలెక్కాలి, లేదా రేవులో పడవెక్కాలి. ఇప్పుడు చాప ఎత్తే పడవలు తక్కువ. ఇంజన్లు వచ్చాయి, వంతెనలు వచ్చాయి. అయినా నరసాపురం–సఖినేటిపల్లి రేవులో జనాన్ని దాటించే పంటు నడుస్తూనే ఉంది, లంకల్లో నాటు పడవ లేకుండా రోజు గడవదు. చాప కాలంలో నేర్చిన జాగ్రత్తల్లో చాలా భాగం ఇంజను పడవకూ వర్తిస్తాయి. తేడా ఒక్కటే. చాప ఎత్తేవాడు ఆకాశం చూడకుండా రేవు వదలలేడు. ఇంజను నడిపేవాడు చూడకుండానే బయల్దేరగలడు. భద్రతకు ఈ తేడా చాలా నష్టం చేసింది.

పడవ ఎందుకు తిరగబడుతుందో ముందు తెలియాలి. గాలి చాపను పైన తోస్తుంది, నీరు పడవను కింద పట్టి ఉంచుతుంది. ఈ రెంటి మధ్య పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. బరువు అడుగున ఉంటే అది మళ్ళీ నిలబెడుతుంది. పైకి చేరితే అదే బరువు పడవను పడదోస్తుంది. అందుకే బస్తాలు అడుగున పరచాలి, మనుషులు కూర్చోవాలి. ఒక్కరు లేచి నిలబడితే ఏమంత తేడా రాదనిపిస్తుంది. కానీ చూడటానికి అందరూ ఒకే పక్కకు లేస్తే, మేడ ఉన్న బోటులో అందరూ పై అంతస్తుకు ఎక్కితే, అడుగు బరువు చేసే మేలంతా పోతుంది. పడవలో చేరిన నీరు ఇంకా ప్రమాదం, ఎందుకంటే పడవ ఎటు ఒరిగితే నీరూ అటే పరుగెడుతుంది. నీళ్ళు తోడే డబ్బా పడవలో ఉండి తీరాలన్న నియమం ఇందుకే. పలకల సందుల్లో పీచు, గుగ్గిలం కూరడం కూడా భద్రత పనే. ఇక నీటిమట్టానికీ పడవ అంచుకూ మధ్య ఎంత ఎడం మిగిలిందో చూస్తే మోత ఎక్కువైందో లేదో ఎవరికైనా తెలుస్తుంది. ఆ ఎడం బెత్తెడుకు వస్తే చిన్న అల కూడా లోపలికి దూకుతుంది.

గాలి విసురు ఒక్కసారిగా వచ్చినా చెప్పకుండా రాదు. దూరాన నీటి మీద నల్లగా, గరుకుగా ఒక మచ్చ కనబడి పడవ వైపు పాకుతూ వస్తుంది. అలవాటైన కన్ను దాన్ని పట్టేస్తుంది. ఆ మచ్చ పడవను చేరేలోపు తాడు సడలించాలి, పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పాలి, గాలి మరీ హెచ్చితే చాప దించేయాలి. వెనక గాలితో వెళ్ళే పడవకు మరో గండం ఉంది. ముక్కు కాస్త ఎక్కువగా తిరిగితే గాలి చాప అవతలి ముఖాన్ని పట్టుకుని, వెదురుతో సహా దాన్ని ఒక్క విసురులో రెండో పక్కకు కొడుతుంది. ఆ దారిలో తల ఉంటే పగులుతుంది, మనిషి నిలబడి ఉంటే నీళ్ళలో పడతాడు. చాప మార్చే ముందు గట్టిగా కేకవేసి అందరినీ తల వంచమనాలి, తాడును దగ్గరకు లాక్కొని మెల్లగా వదలాలి.

తాడు లాగితే చాప గాలి పట్టడం, వదిలితే గాలి జారిపోవడం అనే సూత్రం నేల మీద కూడా పనిచేస్తుంది. చక్రాల బండికి తెరచాప కట్టి సముద్రపు ఇసుక మీద నడపడం ఐరోపాలో పాత ముచ్చట. 1600 ప్రాంతంలో సైమన్ స్టెవిన్ డచ్చి యువరాజు మారిస్ కోసం అలాంటి బండిని తయారుచేశాడు. 1898లో బెల్జియంలోని డె పానె తీరంలో డ్యూమాంట్ సోదరులు దాన్ని ఆటగా మలిచారు. నేల నీటిలా మెత్తగా పట్టుకోదు, వేగమూ ఎక్కువ. అందుకే అక్కడ శిరస్త్రాణం, కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి అవుతాయి. కానీ ఆపే పద్ధతి మాత్రం గోదావరి పద్ధతే: తాడు వదిలి, ముక్కును గాలికి ఎదురు పెట్టడం.

డెల్టాలో గాలికి ఒక వరస ఉంది. వేసవిలో పొద్దెక్కే కొద్దీ సముద్రపు గాలి లోపలికి వస్తుంది, సాయంత్రం పైరగాలి హాయిగా ఉంటుంది. ఆ హాయిని నమ్ముకుని బయల్దేరిన పడవను ఏప్రిల్, మే నెలల గాలివాన పట్టుకుంటుంది. పడమటి దిక్కున మబ్బు నల్లబడి, గాలి ఉన్నట్టుండి ఆగిపోయి, ఉక్క పోసిందంటే ఈదురుగాలి దగ్గరపడినట్టే. ఆ వేళ రేవు వదలకపోవడమే సరైన పని. మధ్యలో ఉన్నవారు దగ్గరున్న లంకకు చేరి చాప దించి లంగరు వేసుకోవాలి. డెల్టాకు ఎగువన పాపికొండల మధ్య నది ఇరుకై, గాలి కొండల నడుమ గొట్టంలో దూరినట్టు దూసుకొస్తుంది. ఒడ్డున లేని విసురు అక్కడ మలుపు తిరగగానే తగులుతుంది.

గాలి తరవాత నీటి వరవడి. ఏరు దాటే పడవ ఎదుటి రేవుకు నేరుగా గురిపెట్టకూడదు. వరవడి తక్కువగా ఉండే గట్టు వారనే ఎగువకు వెళ్ళి, ముక్కును ఎగువకు పెట్టి ఏటవాలుగా దాటితే ప్రవాహమే పడవను రేవుకు దించుతుంది. వంతెన స్తంభాల దగ్గర ఈ లెక్క తప్పితే నీరు పడవను స్తంభానికి అదిమి తిప్పేస్తుంది. 2018 జూలై 14న కోనసీమలో పశువుల్లంక దగ్గర జరిగింది ఇదే. కడుతున్న వంతెన స్తంభానికి నాటు పడవ తగిలి బోల్తా పడింది. బడి నుంచి ఇంటికి వెళుతున్న ఆడపిల్లలు అందులో గల్లంతయ్యారు. దాటడానికి వంతెన లేని లంకలో బడికి వెళ్ళే పిల్ల కూడా రోజూ ఏరు దాటే ప్రయాణికురాలే. ఆ పిల్ల ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ రేవులో ఉండాలన్నది దయ చూపే విషయం కాదు, హక్కు.

ఎర్రనీరు వచ్చే జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద హెచ్చరికలు అందరికీ తెలిసినవే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక నాటికి నదిలో 10 లక్షల క్యూసెక్కులు పారుతుంటాయి. ఊళ్ళు మునగడాన్ని కొలిచే ఈ కొలతను పడవకు పెట్టకూడదు. 2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిన రోజు నదిలో ఉన్నది 5 లక్షల క్యూసెక్కుల పైచిలుకే. బోటులో 77 మంది ఉండగా 51 మంది చనిపోయారు. బతికిన 26 మందిని ముందుగా అందుకున్నది దగ్గరి ఊళ్ళవారు, తమ చిన్న పడవలతో. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్ళు, లంగర్లతో ప్రయత్నించి ప్రయత్నించి అక్టోబరు 22న బయటికి తీసింది. ఉక్కపోతకు జాకెట్లు విప్పినవారు ఉన్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ తరవాత నది మీద బోటు కంట్రోల్ రూములు పెట్టారు.

మునగకుండా చూసుకోవడం ఒక ఎత్తయితే, మునిగాక తేలడం ఇంకో ఎత్తు. దీనికీ ఈ ప్రాంతంలో పాత సాధనాలు ఉన్నాయి. ఎండిన సొరకాయను నడుముకు కట్టుకుంటే అది ఈతబుర్ర. పిల్లలు దానితోనే ఈత నేర్చేవారు. వరదల్లో అరటి బోదెలను వెదురు పుల్లలతో గుచ్చి కట్టిన తెప్ప ఇప్పటికీ కోనసీమలో మనుషుల్ని గట్టెక్కిస్తుంది. సముద్రం మీది తెప్పదీ ఇదే తర్కం. దుంగలు కలిపి కట్టిన దానికి కడుపు లేదు, నీరు నిండేందుకు చోటు లేదు, కాబట్టి మునగదు. మేకులు కొట్టకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసులా పడవ, ఒడ్డున విరిగే అల కొడితే పగలకుండా వంగి తట్టుకునేది.

లైఫ్ జాకెట్ ఈతబుర్రకు మెరుగైన రూపం. నీళ్ళలో ఉన్న మనిషి తల పైకి నిలవడానికి కావాల్సిన ఎత్తుడు నాలుగైదు కిలోలకు మించదు. అందుకే 50 న్యూటన్ల జాకెట్, అంటే సుమారు 5 కిలోల ఎత్తుడు ఇచ్చేది, ఈత వచ్చి స్పృహలో ఉన్నవారికి సరిపోతుంది. ఈత రానివారికి 100 న్యూటన్లు, పెద్ద నీళ్ళలో 150 కావాలి. మెడ వెనక పట్టీ ఉన్న జాకెట్ స్పృహ తప్పినవారిని వెల్లకిలా తిప్పి ముఖం పైన ఉంచడానికి తోడ్పడుతుంది, మిగతావి ఆ పని చేయవు. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీళ్ళలో అది తల మీదుగా జారిపోతుంది. పిల్లల జాకెట్‌కు కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉండాలి. పెద్దవారి జాకెట్‌ను పిల్లకు తొడగడం, లేనప్పటికన్నా కాస్త నయం మాత్రమే. ఎండకు గట్టిపడి చిట్లిన నురుగు, ఊడిన కొక్కెం ఉన్న జాకెట్‌ను రేవు నుంచి తీసేయాలి. కుర్చీ కింద మడిచిపెట్టిన జాకెట్ ఎవరినీ తేల్చదు. పడవ తిరగబడటానికి పట్టే కొద్ది క్షణాల్లో పట్టీలు కట్టుకోవడం ఎవరివల్లా కాదు.

కప్పు ఉన్న బోటులో ఒక మెలిక ఉంది. మూసిన గదిలో నీరు నిండితే జాకెట్ మనిషిని కప్పుకు అదిమి పట్టి ఉంచుతుంది, కిందికి మునిగి తలుపు వెతుక్కోనివ్వదు. 2018 మే 15న దేవీపట్నం ప్రాంతంలోని మంటూరు దగ్గర గాలివానలో మునిగిన లాంచీలో జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లోపలివారు బయటపడలేకపోయారు. తడిసినా సరే, గాలి రేగినప్పుడు తలుపులు తెరిచే ఉంచాలి, వీలైతే పైకప్పు లేని చోటుకు రావాలి.

నది సముద్రంలో కలిసే మొగల దగ్గర లెక్కలు మారతాయి. ఆటు నీరు బయటికి, గాలి లోపలికి పట్టినప్పుడు ఇసుక మేట మీద అల నిటారుగా లేస్తుంది. పోటు వేళ కోసం ఆగి లోపలికి రావడం అంతర్వేది, భైరవపాలెం వంటి చోట్ల మంచి పద్ధతి. తుపాను వార్తకు కాకినాడ రేవులో ఎగరేసే సూచిక నంబరు 1 నుంచి 11 దాకా ఉంటుంది. మూడో నంబరు అంటే రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉందని. 1996 నవంబరు 6న కాకినాడకు దిగువన తీరం దాటిన తుపాను నాడు వేటలో ఉన్న మత్స్యకారులెందరో తిరిగి రాలేదు. ఇప్పుడు ఫోనులో, రేడియోలో ముందే తెలుస్తోంది. తెలిసినా వెనక్కి రావాలంటే ఇంధనం మిగిలి ఉండాలి. వెళ్ళేటప్పుడు మూడో వంతు, వచ్చేటప్పుడు మూడో వంతు, మిగిలిన వంతు గాలి కోసం అని పెట్టుకుంటే నష్టం లేదు.

నీళ్ళలో పడినవారు పడవను వదలకూడదు. చెక్క పడవ బోర్లాపడినా తేలుతుంది, దూరం నుంచి తలకన్నా అదే ముందు కనబడుతుంది. పడవ చేజారితే వరవడికి ఎదురీదకుండా, కాళ్ళు దిగువకు పెట్టి వెల్లకిలా తేలుతూ ఏటవాలుగా గట్టు వైపు జరగాలి. ఒడ్డునున్నవాళ్ళు వెంటనే దూకకూడదు. గెడ చాచాలి, తాడు విసరాలి, ఏమీ లేకపోతే పంచె విప్పి విసరాలి. మునిగేవాడు ఎదురుగా వచ్చిన మనిషిని మెడ పట్టుకుని కిందికి లాగేస్తాడు.

ఒడ్డుకు చేర్చాక తలకిందులుగా వేలాడదీసి, కడుపు నొక్కి నీళ్ళు కక్కించే అలవాటు ఇంకా కనిపిస్తుంది. అన్ని పాత పద్ధతుల్లో దీన్ని మాత్రం పూర్తిగా వదిలేయాలి. విలువైన నిమిషాలు పోవడమే కాక, కక్కినది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఐదుసార్లు ఊపిరి ఊదాలి. కదలిక రాకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదుతూ, 108 అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా సాగించాలి. ఊపిరి వచ్చినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడి బట్టలు తీసి పొడి దుప్పటి కప్పి, బాగానే ఉన్నానన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన నీటి ప్రభావం కొన్ని గంటల తరవాత కూడా బయటపడవచ్చు.