బిరుదురాజు రామరాజు: పల్లె పాటకు పట్టం

బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకరు చరణం అందుకుంటే, మిగిలినవాళ్ళు 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో వంత పలకడం వరంగల్లులో మీరు చూసే ఉంటారు. ఆ పాట ఎవరు కట్టారో పాడేవారికి తెలియదు, తెలుసుకోవాలన్న పట్టింపూ వారికి ఉండదు. ఇలాంటి పాట సాహిత్యమేనా, దానిపై విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న నేడు వింతగా తోస్తుంది. కావ్యం, ప్రబంధం, వ్యాకరణం తప్ప మరొకటి పండితుల పనిగా లెక్కకు రాని రోజుల్లో అది వింత ప్రశ్న కాదు. దానికి 'అవును' అని సమాధానం రాబట్టినవారు ఆచార్య బిరుదురాజు రామరాజు.

ఆయన 1925లో వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ మూడూ ఆయనకు స్వాధీనమైన భాషలు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1948 దాకా బోధన ఉర్దూలోనే సాగిందని గుర్తుంచుకుంటే, తర్వాత ఎనిమిదేళ్ళకే, 1956లో, అక్కడ తెలుగులో మొదటి పిహెచ్.డి. ఒక పల్లె పాటల పరిశోధనకు దక్కడంలోని విశేషం అర్థమవుతుంది. ఆ సిద్ధాంత గ్రంథమే 'తెలుగు జానపద గేయ సాహిత్యము'. తర్వాత ఆయన అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, చివరికి జాతీయ ఆచార్య గౌరవం అందుకున్నారు. 2010లో కన్నుమూశారు.

రామరాజుకు ముందు సేకరణ లేకపోలేదు. గోవర్ అనే ఆంగ్లేయుడు 1871లోనే దక్షిణ భారత జానపద గేయాలపై పుస్తకం వేశాడు. 1874లో బాయిల్ 'ఇండియన్ ఆంటిక్వెరీ'లో తెలుగు వీరగాథలను పరిచయం చేశాడు. వాటిలో సర్వాయి పాపని పాట ఒకటి. 1708లో వరంగల్లును కొల్లగొట్టిన పాపడు పాలకుల లెక్కలో బందిపోటు, పాటలో వీరుడు. తెలుగువారిలో నేదునూరి గంగాధరం వంటివారు ఓపికగా పాటలు పోగుచేశారు. అయితే పోగుచేయడం వేరు, పోగైనదాన్ని విడదీసి, పోల్చి, దాని ఛందస్సూ భాషా సామాజిక నేపథ్యమూ చర్చించడం వేరు. రామరాజు చేసినది ఈ రెండో పని. తర్వాత జానపద సాహిత్యంపై పరిశోధనకు దిగినవారు ఈ గ్రంథాన్ని దాటి వెళ్ళలేదు. విభేదించినవారు కూడా ముందు దీన్నే చదివి విభేదించారు.

విభేదించడానికి కారణాలు ఉన్నాయి. మొదటిది వర్గీకరణ. గేయాలను విడదీసేటప్పుడు ఆయన ఒకే కొలబద్దను పట్టుకోలేదు. కొన్ని విభాగాలకు వస్తువు ఆధారం, కొన్నింటికి రసం, మరికొన్నింటికి పాడేవారు. నాట్లు వేస్తూ ఆడవాళ్ళు పాడే సీత కష్టాల పాటను ఎక్కడ చేర్చాలి? అది పౌరాణికం, కరుణం, శ్రామిక గేయం, స్త్రీల పాట, నాలుగూ అవుతుంది. రసం అన్న కొలబద్ద అలంకారశాస్త్రం నుంచి వచ్చింది. పల్లె పాటకు సాహిత్య గౌరవం సాధించడానికి, పండితులు ఒప్పుకునే పరిభాషలోనే వాదించాల్సిన అవసరం ఆయనకు ఉండి ఉంటుందని నా అభిప్రాయం. ఆ వాదం గెలిచింది కానీ, పాటకు కావ్యపు చొక్కా తొడిగినట్టయింది.

రెండో లోటు ఇంకా పెద్దది. పుస్తకంలోకి ఎక్కిన పాట మాటలుగానే మిగులుతుంది. చప్పట్ల దరువు, వలయంగా కదిలే అడుగులు, వినేవాళ్ళ స్పందన, ఒకే పాటను పక్క ఊళ్ళో మరోలా పాడే తీరు అచ్చుకు అందవు. టేపు రికార్డర్ అందరి చేతికీ రాని కాలంలో దీనికి ఆయనను తప్పుపట్టలేం. కానీ పాఠాన్ని ప్రదర్శన నుంచి విడదీసి చదివే అలవాటు తర్వాతి పరిశోధనల్లోనూ చాలాకాలం నిలిచింది. వరంగల్లులోనే తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. నేడు అలాంటి చోట పనిచేసేవారికి పాటతోపాటు పాడే సందర్భాన్ని నమోదు చేయడం ప్రాథమిక పాఠం.

ఇక సామాన్య పాఠకుల్లో రామరాజు పేరు నిలిచింది సిద్ధాంత గ్రంథంతో కాదు, 'ఆంధ్ర యోగులు' సంపుటాలతో. సాహిత్య విమర్శకులు వాటిని పక్కన పెడతారు. వాటిలోని మహిమలను ఆయన విన్నట్టే చెబుతారు, ప్రశ్నించరు. చరిత్రకారుడి దృష్టితో చూస్తే అది లోపమే. అయినా, నోటి మాటగా బతికే సమాచారాన్ని విలువైనదిగా ఎంచే జానపద పరిశోధకుడి అలవాటే ఇక్కడా పనిచేసిందని గమనించండి. మరుగున పడ్డవారిని వెలికి తీసిన 'చరిత్రకెక్కని చరితార్థులు' పుస్తకాన్నీ దీని పక్కన పెట్టి చదవాలి. కర్త పేరు లేని పాటలతో మొదలుపెట్టిన మనిషి, పేరున్నా ఎవరూ తలచుకోని వ్యక్తుల దగ్గరికి వచ్చారు. 'ఆంధ్ర యోగులు' చదివేటప్పుడు మహిమ నిజమా కాదా అన్న చర్చలో చిక్కుకోకుండా, ఆ కథ ఏ ఊరిది, ఎవరు చెప్పుకునేది, ఎందుకు చెప్పుకునేది అని అడగండి. ఆ ప్రశ్నలతో చదివితే అది కూడా జానపద గ్రంథంగానే కనిపిస్తుంది.