ఒళ్లు తుడిచే విద్య

జర్మనీ ఆసుపత్రిలో కొత్తగా చేరిన మన నర్సుకు మొదటి పరీక్ష పొద్దున షిఫ్టు మొదలవగానే ఎదురవుతుంది. గోరువెచ్చని నీళ్ల బేసిన్, రెండు తువ్వాళ్లు, మంచం మీద ఎనభై దాటిన అవ్వ. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో దవాఖానలో అయితే ఈ పని కూతురో కోడలో చూసుకుంటుంది. సిస్టర్‌కు ఇంజక్షన్లు, సెలైన్లు, డాక్టర్ రౌండ్లు, రికార్డులతోనే షిఫ్టు సరిపోతుంది. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి, ఐసీయూలో చేసి వెళ్లిన పిల్లకు ఒళ్లు తుడవమంటే మనసు చివుక్కుమంటుంది. ఆ పని చదువుకు తక్కువేమీ కాదని చేతులతో చూపించే మనిషి అక్కడ ఒకరుంటారు. ఆ మనిషి పనితనాన్ని పరిచయం చేయడానికే ఈ నాలుగు మాటలు.

ఆ హోదాను ప్రాక్సిస్ అన్‌లైటర్ అంటారు. వార్డులో పని నేర్పే సీనియర్ నర్సు అనుకోవచ్చు. అనుభవం ఉంటే చాలు, ఎవరైనా నేర్పేయవచ్చన్న ధీమా అక్కడ చెల్లదు. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త నర్సింగ్ చట్టం కింద ఈ పనికి కనీసం ఏడాది అనుభవం, బోధనలో 300 గంటల శిక్షణ ఉండాలి. ఏటా మరో 24 గంటలు చదువుకుంటూనే ఉండాలి. నర్సింగ్ విద్యార్థుల వార్డు శిక్షణలో కనీసం పదో వంతు వీళ్ల పక్కనే జరగాలి. బయటి దేశాల్లో చదివి వచ్చినవారు తమ చదువుకు అక్కడ గుర్తింపు కోసం చేసే అడాప్టేషన్ కోర్సులోనూ వీళ్ల తోడు ఉండాలి.

ఇక ఆ అవ్వ మంచం దగ్గరికి వద్దాం. మంచి గురువు ముందు బేసిన్ ముట్టుకోదు. కిటికీ మూస్తుంది, తెర లాగుతుంది, అవ్వకు పేరు పెట్టి పలకరించి ఏం చేయబోతోందో చెబుతుంది. మొహం సబ్బు లేని నీళ్లతో. తుడిచే భాగం తప్ప మిగతా ఒళ్లంతా కప్పే ఉంటుంది. చెయ్యి ఎత్తినప్పుడు అవ్వ మొహం చిట్లించిందా, పక్కకు తిప్పితే ఆయాసపడిందా, నోరు కడిగితే నీళ్లు మింగలేక దగ్గిందా, నిన్న లేని వాపు పాదాల్లో కనిపిస్తోందా అని గురువు కళ్లు ఆరా తీస్తూనే ఉంటాయి. నడుము కింద, మడమల మీద ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూస్తుంది. నొక్కినప్పుడు తెల్లబడితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఎరుపు అలాగే నిలిచిందంటే పడక పుండు మొదలైనట్టే. చర్మం ఇంకా చిట్లలేదు కాబట్టి ఆ పూటే కాపాడుకోవచ్చు. అవ్వను ముప్పై డిగ్రీల వాలులో పక్కకు పడుకోబెట్టి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టి, తిప్పిన వేళ రాసిపెడుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య ఏళ్లు గడిపిన కార్మికుడు తెగిన పోగును చప్పుడులోనే పసిగట్టినట్టు, ఆమె తువ్వాలు పట్టుకున్న చేత్తోనే జబ్బును పసిగడుతుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆమె ఆగడం. అవ్వ కుడి చెయ్యి పనిచేస్తుంటే తువ్వాలు ఆ చేతికే ఇస్తుంది. మొహం తుడుచుకోవడానికి ఎంతసేపు పట్టినా పక్కన నిలబడుతుంది. పెద్దవాళ్లకు అన్నీ మనమే చేసిపెట్టాలన్న పెంపకం మనది. మన పిల్ల చెయ్యి ఊరుకోక ముందుకు పోతుంది. గురువు సైగతో ఆపుతుంది. చేయగలిగింది చేయనివ్వకపోతే ఆ చెయ్యి మరో నెలకు చేయలేని చెయ్యి అవుతుందని బయటికి వచ్చాక చెబుతుంది. రోగి ముందు తప్పు ఎత్తిచూపదు. ఇది చిన్న మర్యాదగా కనిపించవచ్చు. భాష ఇంకా పూర్తిగా పట్టుబడని మనిషికి మాత్రం ఇది కొండంత ధైర్యం.

బయట వరండాలో ఆమె అడిగేవన్నీ ప్రశ్నలే. ఏం చూశావు? ఎందుకు అలా తిప్పావు? రేపటి షిఫ్టుకు ఏం చెబుతావు? డాక్టర్ రాసింది తప్పకుండా చేయడం మన వార్డుల్లో నేర్పిన గుణం, మంచి గుణమే. అక్కడ దానిపైన ఇంకొకటి కావాలి. తాను చూసింది, తాను తేల్చుకుంది, దానికి కారణం, మూడూ జర్మన్‌లో నోరు తెరిచి చెప్పగలగాలి. అడాప్టేషన్ కోర్సుకు బదులు గుర్తింపు పరీక్ష దారి ఎంచుకుంటే అందులో మౌఖికమే 45 నుంచి 60 నిమిషాలు. పైగా నిజమైన రోగుల దగ్గర పనిచేసి చూపించాలి. ఆ గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలిగానే ఉండాలి. పత్రం చేతికొచ్చాక దారి తెరుచుకుంటుంది. ఐసీయూ, మత్తు విభాగాల్లో రెండేళ్ల ప్రత్యేక చదువు చదవవచ్చు. కావలసిన అనుభవం గడించి, ఆ 300 గంటలు పూర్తి చేస్తే కోరుట్ల పిల్ల కూడా రేపు వచ్చేవాళ్లకు గురువు కావచ్చు.

దుబాయి, మస్కట్ దారి తెలిసిన ఊళ్లు మనవి. ఇప్పుడు ఆడపిల్లల చదువుతో ఇంకో దారి పడుతోంది. సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల భవనం 2021లో ప్రారంభమైంది. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతోంది. భాష మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా ఈ వార్డు విద్య మీద పెట్టాలి. ఒళ్లు తుడుస్తూ రోగిని చదవడం మన దవాఖానల్లోనే నేర్పవచ్చు, దానికి విమానం ఎక్కనక్కర్లేదు. అక్కడి ముసలివాళ్లకన్నా ముందు మన అవ్వలకు, తాతలకు అది దక్కాలి.

వెళ్లే చెల్లెళ్లకు ఒక మాట. మనుషుల కొరత ఉన్న వార్డుల్లో ముందుగా కోతపడేది నేర్పే గంటలే. జీతం, ఇల్లు, టికెట్ గురించి అడిగినట్టే, నాకు నేర్పేది ఎవరు, వారానికి ఎన్ని గంటలు నా పక్కన ఉంటారు అని కూడా అడగండి. జవాబు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.