ఉల్లిపొర రంగు వెనకాల పనితనం

సూరత్‌లోని వరాఛా మినీ బజార్‌లో వజ్రాల బేరగాళ్లు తెల్లకాగితం మడిచి, ఆ మడతలో రాయి పెట్టి రంగు చూస్తారు. వెనక తెలుపు లేకపోతే సన్నటి పసుపు ఛాయ కంటికి దొరకదు. లేతరంగు వైన్‌ను చూసే పద్ధతీ ఇదే. గ్లాసును తెల్లకాగితం మీదికి వంచి, అంచుకు వచ్చేసరికి రంగు ఎలా పలచబడుతోందో చూడాలి. 1960లో గుజరాత్ ఏర్పడినప్పటినుంచీ అక్కడ మద్యనిషేధం ఉంది కనుక వరాఛాలో ఆ గ్లాసుకు చోటు లేదు. కానీ అలాంటి కన్ను ఉన్నవాళ్లు తప్పకుండా మెచ్చుకునే వైన్ ఒకటి స్పెయిన్‌లో ఉంది. దాని పేరు క్లారెతె.

ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో కోర్దొవీన్, సాన్ అసెన్సియో లాంటి చిన్న ఊళ్లు దీనికి పెట్టింది పేరు. అక్కడ గార్నాచా అనే నల్లద్రాక్షనీ, వియూరా అనే తెల్లద్రాక్షనీ కలిపి చేస్తారు. వయ్యాదొలిద్ దగ్గరి సిగాలెస్‌లో నల్లటి తెంప్రనీయోకు తోడుగా అల్బీయో, వెర్దెహో వంటి తెల్లరకాలు పడతాయి. పాత తోటల్లో నల్లతీగ పక్కనే తెల్లతీగ నాటేవారు. కోత కూడా కలిపే, బుట్ట కూడా ఒకటే.

ఇందులో అసలు పనితనం ఎక్కడుందో చూడండి. ఇలాంటి నల్లద్రాక్షను పిండితే వచ్చే రసం దాదాపు తెల్లగానే ఉంటుంది. రంగంతా తొక్కలోనే. తొక్కలు రసంలో నానుతున్నకొద్దీ ముందు రంగు దిగుతుంది. వగరు నిదానంగా వస్తుంది. గింజలోని వగరైతే, రసం పులిసి ఆల్కహాల్ పెరిగాక గానీ గట్టిగా బయటికి రాదు. రంగు చాలినంత వచ్చి, వగరు ఇంకా ముదరని ఆ కాస్త వ్యవధిలోనే రసాన్ని తొక్కల మీదినుంచి దించెయ్యాలి. కొందరు పులియడం మొదలవకముందే దించుతారు, కొందరు తొక్కల మీదే మొదలవనిచ్చి దించుతారు. కాస్త తొందరపడితే రంగు తేలిపోతుంది, ఆలస్యమైతే బరువైన ఎర్రవైన్ దారి పడుతుంది.

జోడీ ఎంపికలోనూ అంతే తెలివి ఉంది. గార్నాచా బాగా పండితే తీపి పెరిగి ఆల్కహాల్ ఎక్కువిస్తుంది, పులుపు తగ్గిపోతుంది. వియూరా పులుపునీ తేటదనాన్నీ తెస్తుంది. ఒకదాని లోటు రెండోది పూడుస్తుందన్నమాట. అయితే ఈ లెక్క వైన్ తయారయ్యాక రుచి చూసి వేసేది కాదు. చూడ్డానికి ఇంకా ఏమీ లేనప్పుడే, కాయ దశలోనే వేసుకోవాలి. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ తెగువే.

నేను రుచి చూసింది కోర్దొవీన్ క్లారెతె. చల్లగా ఇచ్చారు. అది గులాబీ రంగని తేలిగ్గా అనలేం. ఎర్ర ఉల్లిపాయ పైపొరను వెలుతురుకు పట్టినప్పుడు కనిపించే రాగి ఛాయ. వాసనలో ముందు స్ట్రాబెర్రీ, వెనకనుంచి ఆపిల్ తొక్క. నోట్లో పోసుకోగానే పుల్లగా మొదలై, మధ్యలో పండు రుచి నిండి, చివర నాలుక పక్కల సన్నటి వగరు ఒక్క క్షణం నిలిచి పోతుంది. తెల్లవైన్‌లో ఆ చివరి వగరు నాకు దాదాపు తగలదు. ఎర్రవైన్‌లో అది అంత తొందరగా వదలదు. రెండు కాయల్నీ కలిపి పులియబెట్టినందుకు దక్కిన ఫలం అదే. వేపిన మిరపకాయలతో, ఉప్పుచేపతో ఇది చక్కగా కుదురుతుంది. మన కారప్పూసకూ కుదురుతుందని గట్టిగా చెప్పగలను.

తయారైన తెల్లవైన్‌లో కాస్త ఎర్రవైన్ పోస్తే రంగు వచ్చెయ్యదా అని అడిగేవాళ్లుంటారు. రంగు వస్తుంది. కానీ రెండూ కలిసి పులిసిన రుచి రాదు. 2009లో యూరోపియన్ కమిషన్ ‘రోజే’ అనే మామూలు గులాబీ వైన్‌కు ఆ దగ్గరిదారిని అనుమతించాలని చూస్తే, ఫ్రాన్స్, ఇటలీ తయారీదార్లు గొడవ చేసి ఆపించారు. షాంపేన్‌కు మాత్రం ఆ వెసులుబాటు ముందునుంచీ ఉంది. కాయ దశలోనే కలిపే పద్ధతి మరికొన్ని చోట్లా ఉంది. జర్మనీలోని వుర్టెంబర్గ్‌వాళ్లు షిల్లర్‌వైన్ అనే వైన్ చేసేదీ నల్లకాయనూ తెల్లకాయనూ పులియకముందే కలిపి. ఫ్రాన్స్‌లో కోత్ రోతీ ఎర్రవైన్‌కు సిరా ద్రాక్షతో పాటు 20 శాతం వరకు తెల్ల వియోన్యే కలపొచ్చు, అయితే రెండూ ఒకే తొట్టెలో పులియాలన్నది నియమం.

ఇక మన దగ్గరికి వస్తే, సూరత్‌కు ఆగ్నేయాన ఘాట్‌లు దాటితే నాసిక్ ద్రాక్షతోటలు. కర్ణాటకలో హంపి దగ్గరి కొండల్లో మన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల క్రిష్మా తోటలో నల్ల, తెల్ల రకాలు రెండూ పండుతున్నాయి. మన ఎండకు, మన కారానికి చల్లగా తాగే ఇలాంటి తేలికపాటి వైనే తగినది. ఈసారి కోతకు ఒక్క తొట్టె పక్కన పెట్టి, రెండు రకాలనూ కలిపి పులియబెట్టి చూడమని ఇక్కడి తయారీదార్లందరికీ నా విన్నపం.