పసుపు దాటిన సముద్రం

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పండిన పసుపు కాడి (కొమ్ము)గా, గోళ (దుంప)గా విడిపోయి నిజామాబాద్ యార్డుకు చేరుతుంది. మంచి ధర కోసం కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీలు కట్టుకొని పోతారు. ఆ తర్వాత సరుకు దారి రైతుకు కనిపించదు. 2023-24లో మన దేశం నుంచి 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు విదేశాలకు వెళ్లాయి. వాటిలో ఎక్కువ భాగం ఓడల్లోనే సముద్రం దాటింది. దాన్ని విత్తి, తవ్వి, ఉడకబెట్టి, కల్లాల్లో ఆరబోసినవాళ్లలో ఓడ ఎక్కినవాళ్లు మాత్రం అరుదు. ఇంటికొకరు గల్ఫ్ పోయిన ఊళ్లు ఇక్కడ చాలానే ఉన్నా, వాళ్లలో ఎక్కువమంది శంషాబాద్‌లో విమానం ఎక్కి అరేబియా సముద్రాన్ని చీకట్లో దాటినవాళ్లే.

ఇప్పుడు ఆర్మూర్‌లోనూ క్రూయిజ్ మాట వినిపిస్తోంది. పెళ్లిరోజుకనో, షష్టిపూర్తికనో పిల్లలు టికెట్లు తీస్తామంటున్నారు. పెద్దవాళ్ల జవాబు ఎప్పుడూ ఒకటే: నీళ్లల్ల పోయి ఏం జూస్తం?

తెలుగువాళ్లకు సముద్రయానం కొత్త కాదు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడతో నాటాల్ చెరుకు తోటలకు కూలీల వలస మొదలైంది. ఆ వలసలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. విశాఖ, గోదావరి జిల్లాల జనం రంగూన్ మిల్లులకు, రేవులకు స్టీమర్లలోనే పోయారు. బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు ‘ద్వారకా’ అనే ఓడ 1982 దాకా తిరిగింది. దానిలో ఎక్కువమంది డెక్కు మీదే చాపలు పరచుకొని పడుకున్నవాళ్లు. ఆ ఓడలన్నీ బతుకుదెరువు కోసం ఎక్కినవి. ఏ పనీ లేకుండా, కేవలం నీళ్ల మీద నాలుగు రోజులు ఉండటానికి ఓడ ఎక్కడం మన సామాన్య కుటుంబాలకు ఈ తరంలోనే అందింది. దీన్ని డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేయడం సరికాదు.

తెలుగు నేల నుంచే ఎక్కాలంటే విశాఖ ఉంది. 2022 జూన్ 8న కోర్డేలియా సంస్థ నౌక ‘ఎంప్రెస్’ అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు బయల్దేరింది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన నౌక అది. 11 డెక్కులు, పొడవు 200 మీటర్లకు పైమాటే. ఆ నెలలోనే పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో నౌక ఆ తీరాన ఆగలేకపోయింది. తొలిసారి వెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. టికెట్‌లో రాసిన ప్రతి రేవూ అనుమతులకు, వాతావరణానికి లోబడినదే. 2023 సెప్టెంబర్‌లో విశాఖ రేవులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది.

అయితే ఆర్మూర్ రైతుకు ఇక్కడో చిక్కు ఉంది. పడమటి తీరంలో నైరుతి రుతుపవనాలు సముద్రాన్ని కల్లోలం చేసే నెలల్లోనే ఈ నౌక తూర్పు తీరానికి వచ్చింది. అంటే జూన్, జూలై. సరిగ్గా అప్పుడే మృగశిర కార్తె వస్తుంది, తొలకరి పడుతుంది, పసుపు విత్తనం మట్టిలోకి పోవాలి. ఆ రోజుల్లో చేను వదిలి ఓడ ఎక్కమంటే ఏ రైతూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. జనవరి నుంచి మార్చి దాకా తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టించడం. ఇక మిగిలేవి రెండు సందులు. ఒకటి దీపావళి దాటాక పంట ఊరుతూ ఉండే రోజులు, రెండోది పసుపు అమ్ముడుపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఏప్రిల్, మే నెలలు. ఈ రెండు కాలాల్లోనూ ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు నౌకలు తిరుగుతాయి. చలికాలంలో అరేబియా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతం తుపాన్ల కాలం. అందుకే ఆర్మూర్ కుటుంబానికి మొదటి ప్రయాణం విశాఖ కన్నా ముంబై నుంచే మేలు. కరీంనగర్ నుంచి ముంబై పోయే రైలు దారి కూడా ఆర్మూర్ మీదుగానే.

కడుపులో తిప్పుతుందన్న భయం అందరికీ ఉంటుంది. అది నిరాధారం కాదు. గదిలో కూర్చున్నప్పుడు చుట్టూ ఉన్నదంతా కదలకుండా ఉందని కన్ను చెబుతుంది, ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది. ఆ రెంటికీ పొత్తు కుదరక వాంతి వస్తుంది. పెద్ద నౌకలకు ఊపు తగ్గించే రెక్కలు రెండు పక్కలా నీటి అడుగున ఉంటాయి. అయినా తిప్పినట్టనిపిస్తే బయటికి వచ్చి, నీరూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపాలి. మాత్ర వేసుకోవాలనుకుంటే డాక్టర్‌ను అడిగి, తిప్పడం మొదలుకాకముందే వేసుకోవాలి. బీపీ, షుగర్ మందులు నాలుగు రోజులు ఎక్కువే పెట్టుకోవాలి.

ఓడ కదిలే ముందో, కదిలిన వెంటనేనో లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో, ప్రమాదమైతే ఎక్కడ గుమికూడాలో చూపిస్తారు. చాలామంది ఆ సమయంలో ఫొటోలు దిగుతూ ఉంటారు. అది తప్పు. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో కొన్ని దేశాలు కూర్చొని రాసుకున్న ఒప్పందం నుంచి వచ్చిన కట్టుబాట్లు ఇవి. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయాక ఇంకా బిగించారు. ఇంటి పెద్దను పక్కన నిలబెట్టుకొని శ్రద్ధగా వినండి.

తీరం దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది. ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌ను ఫోన్ దానంతటదే పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయాలి. ఆ మౌనం మంచిదే. లోపల సినిమా, స్విమ్మింగ్ పూల్, రకరకాల తిండి అన్నీ ఉంటాయి. అవన్నీ హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి. దొరకనిది పొద్దుటి పూట డెక్కు మీద దొరుకుతుంది. పోచంపాడు ప్రాజెక్టు గేట్లెత్తినప్పుడు జనం బండ్లు కట్టుకొని పోయి గట్టు మీద నిలబడి గోదావరిని చూస్తారు. ఇక్కడ గట్టే లేదు. నాలుగు దిక్కులా నీరే. తెల్లవారుజామున గంటసేపు అక్కడ నిలబడనివాళ్లు సముద్రయానం చేసినట్టు కాదు.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే కొడుకులకు ఒక విన్నపం. అమ్మానాన్నలను ఒక్కసారి ఓడ ఎక్కించండి. ఏడు రాత్రులవి వద్దు, రెండు మూడు రాత్రుల ప్రయాణం చాలు. ప్రకటనలో కనిపించే ధరకు జీఎస్టీ, రేవు రుసుములు కలిపితే ఎంతవుతుందో ముందే అడగండి. దేశంలోని రేవులకైతే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, శ్రీలంక దాకా అయితే పాస్‌పోర్టు కావాలి. కేబిన్ కింది డెక్కులో, ఓడ నడిమధ్యన తీసుకోండి. ఊపు అన్నిటికన్నా తక్కువగా తెలిసేది అక్కడే.