గజేంద్రుని సంశయము

ఆంధ్రమహాభాగవతమందలి గజేంద్రమోక్షణకథ నెఱుఁగని తెలుఁగువాఁ డరుదు. అక్షరములు వచ్చిన కొలఁదినాళ్లకే బాలురచేత నందలి పద్యములను గంఠస్థము చేయించు నాచారము తరతరములుగా వచ్చినది. చిన్ననాఁడే నోటికి వచ్చిన పద్యములవిషయమున నొక చిక్కు గలదు. చెవికి మిక్కిలి పరిచితమైనదానిని బుద్ధి పరీక్షింపదు. ఈ కథయం దట్లు పరీక్షకు రాక జాఱిపోయిన యంశ మొకటి యున్నది. మొసలినోటఁ జిక్కి భగవంతునిఁ బిలుచుచున్న గజేంద్రుఁడు, పిలుచుచునే, ఆతఁ డున్నాఁడా లేఁడా యని సందేహించును. ఒకసారి సందేహించి యూరకుండఁడు. శరణు వేఁడినపిదప మరల సందేహించును. భక్తికి నిదర్శనముగా నెన్నఁబడు కథలో నీ సందేహ మేల? ఇది కవి యేమఱుపాటా? శబ్దాలంకారమునందలి మక్కువ తెచ్చిన దోషమా? లేక భక్తిస్వరూపమునుగూర్చి పోతన చెప్పఁదలఁచిన విశేషమా? ఇచ్చట విచార్య మిది.

ముందుగా మూలముఁ జూడవలెను. వ్యాసభాగవతమున 8వ స్కంధమందలి 2, 3, 4 అధ్యాయములలో నీ కథ గలదు. క్షీరసాగరమధ్యమునఁ ద్రికూటపర్వతము, ఆ పర్వతపులోయలో వరుణుని యుద్యానము, అం దొక సరస్సు. దప్పిగొని యందు దిగిన గజరాజును మొసలి పట్టుటయు, వేయి సంవత్సరములు పోరు సాగుటయు 2వ యధ్యాయమునఁ జెప్పఁబడినవి. 33 శ్లోకములుగల 3వ యధ్యాయము స్తుతిప్రధానము. గజేంద్రుఁడు బుద్ధిచేత నిశ్చయించుకొని, మనస్సును హృదయమున నిలిపి, పూర్వజన్మమున నేర్చిన జపమును జపించెనని శుకుఁడు చెప్పును. ఆ పూర్వజన్మమున నతఁ డింద్రద్యుమ్నుఁడను పాండ్యరాజు. అగస్త్యుని శాపమున నేనుఁగైనాఁడు. కావున మూలమందలి స్తుతి యభ్యస్తవిద్య. దాని భాష యుపనిషత్తుల భాష. ఆ గజేంద్రుఁడు తానీ యేనుఁగు మేనితో బ్రదుకఁ గోరననియు, ఆత్మప్రకాశమును గప్పిన యావరణమునుండి విడుదలనే కోరుదుననియు స్పష్టముగాఁ బలుకును. బ్రదుకునం దాశ విడిచినవానికి భయము లేదు; భయము లేనివానికి సంశయమునకుఁ దావు లేదు. వ్యాసుఁడు దాని నాతనినోటఁ బెట్టలేదు.

15వ శతాబ్దివాఁడైన పోతన మూలస్తుతిలోని వేదాంతమును విడువలేదు. విడువకయే, దానికి ముందుగా నేనుఁగునకు భయమును గల్పించినాఁడు. పెక్కు గజయూథములు కొలువఁగా నడవిలో నేలికయై యుండి, చందనపుఁ జెట్ల నీడలను విడిచి, నీటియాశచేత నిచ్చటి కేల వచ్చితినని తెలుఁగు గజేంద్రుఁడు వగచును. ఈ భయ మెట్లు గడచునని నిట్టూర్చును. ఆ నిట్టూర్పున నీశ్వరశబ్దము సంబుద్ధిరూపముననే వచ్చినది. అయినను ఆపదలో నెల్లరనోటను దానంతటఁ దాను వెలువడు పలుకే యది. ప్రార్థన యింకను బుట్టలేదు. పిమ్మట స్తుతి మొదలగును. జగత్తునకుఁ గారణమైనవాఁడు, ప్రళయాంధకారమున కావల నొంటరిగాఁ బ్రకాశించువాఁడు, మునులు వెదకువాఁడు, అట్టివానిని శరణు గోరుదునని గజేంద్రుఁడు పలుకును. ఇంతవఱకు మార్గము మూలమార్గమే. అటుపై మూలమున లేని పద్యము వచ్చును.

ఆ పద్యమందలి యర్థ మిది. దీనులయెడ నాతఁ డుండునని జనులందురు, యోగులయెడ నుండునందురు, దిక్కులన్నిట నుండునందురు, అట్లు ఉన్నాఁడని చెప్పఁబడువాఁడు నిజముగా నున్నాఁడో లేఁడో. ఉనికిని దెలుపు క్రియ యొక్కటే చిన్నపద్యమున మాటిమాటికి వచ్చుటచేఁ జదువరి చెవి యింపునందుఁ దగుల్కొని యర్థమునందు నిలువదు. కాని వాక్యనిర్మాణముఁ జూడుఁడు. ఉనికిని నిశ్చయించు ప్రతిస్థానమునను కర్త లోకము, అనువారు పరులు. సంశయించునపుడు మాత్రమే కర్త గజేంద్రుఁడు. విన్నది నిశ్చయము, తనకుఁ గలిగినది సంశయము. దీనులయెడ నుండునన్న మాట మొదట వచ్చుటయు గమనింపఁదగినది. ఆ క్షణమున గజేంద్రునికంటె దీనుఁడు మఱొకఁడు లేఁడు. ఆ మాట సత్యమైనచో నతఁ డప్పటికే వచ్చి యుండవలెను. రాలేదు. సంశయమునకు హేతువు తర్కమున లేదు, నీటిలోనున్న కాలియందున్నది.

ఈ పద్యమును రెండు విధముల సమర్థించుట కలదు. ఇది శబ్దచమత్కారమాత్ర మనుట యొకటి. అట్లయినచో, చమత్కారముకొఱకు భక్తునినోట నాస్తిత్వమును బలికించిన దోషము కవికిఁ దగులును. సమర్థనము దూషణమై పరిణమించును. ఇది కాకువు, అనఁగా ‘లేకుండునా, తప్పక యున్నాఁడు’ అని భావమనుట రెండవది. దీనిని వ్యాకరణ మంగీకరింపదు. తెలుఁగున క్రియాంతమందలి యోకారము, అందును విధినిషేధములు రెంటిమీఁదను జేరిన యోకారము, శుద్ధసంశయార్థకము. కాకువు చేత నిశ్చయమును సూచింపవలసినపుడు వ్యతిరేకక్రియపై నేకారమును జేర్చుట తెలుఁగు నుడికారము. ఆ పద్ధతి పోతన యెఱుఁగనిది గాదు. ఈ పద్యమునకు వెంటనే వచ్చు సీసమం దదియే యున్నది. ఆతఁడు నాపాటు చూడఁడా, నామొఱ వినఁడా, నాకడ్డపడ రాఁడా యనునర్థముగల వాక్యములన్నియు నాయేకారముతోనే ముగియును. ఒక పద్యమున నోకారమును, మఱుపద్యమున నేకారమును బ్రయోగించిన కవి రెంటికి భేద మెఱిఁగియే ప్రయోగించినాఁడు. మొదటిది సంశయము, రెండవది యాశ. సంశయమును గాకువుగా మార్చి చదివినచో నీ రెంటినడుమ గజేంద్రుని హృదయమునఁ గలిగిన కదలిక యదృశ్యమగును.

ఇఁక పురుషభేదము చూడవలెను. సంశయపద్యమునందును, ఆశను దెలుపు సీసమునందును భగవంతుఁడు ‘ఆతఁడు’. పాణిని ప్రథమపురుషమును శేషమునకు విధించినాఁడు. మధ్యమపురుషమునకు విషయము ఎదుటివాఁడు, ఉత్తమపురుషమునకు మాటలాడువాఁడు, వీరిరువురు పోఁగా మిగిలినవారందఱు ప్రథమపురుషమునకుఁ జేరుదురు. అనఁగా సంశయించు గజేంద్రునకు భగవంతుఁడు మాటకు వెలియైనవాఁడు, మిగిలినవారిలో నొకఁడు. పిదపఁ దన బలము కొంచెమును లేదనియు, ధైర్యము సడలినదనియు, ప్రాణములు చోటు దప్పినవనియు విన్నవించు ప్రసిద్ధపద్యము వచ్చును. అచ్చట మొదటిసారి ప్రార్థనయందు ‘నీవు’ అను మాట వచ్చును. ప్రథమము మధ్యమమైనది. సామాన్యముగాఁ జదువువా రిచ్చటనే సంశయము తీఱినదని తలంతురు. కథ నడుపుట సులభమైన మార్గమే కోరినచోఁ బోతన యిచ్చటనే హరిని రప్పించి యుండును.

అట్లు చేయలేదు. శరణాగతియైన వెంటనే రెండవసంశయము వచ్చును. జీవుల మాటలు విందువట, పోరానిచోట్లకుఁ బోదువట, శరణన్నవారికిఁ బలుకుదువట, సర్వముఁ జూతువట. అయినను నాకు సందేహము గలిగినదని గజేంద్రుఁడు విన్నవించును. ఇచ్చటను లోకవాదమే యాధారము. మొదట ‘అందురు’ అను క్రియ చేసిన పనిని ఇచ్చట ‘అఁట’ అను నవ్యయము చేయుచున్నది. సంస్కృతమున దీనికి సమీపమైన ‘కిల’ శబ్దము వార్తయందును సంభావ్యమునందును వర్తించునని యమరము చెప్పును. ‘అఁట’ యు నట్టిదే. విన్నదని చెప్పుచు, కావచ్చునను నాశను దనలో దాఁచుకొన్నది. ఐనను రెండు సంశయములకు మహాంతరము గలదు. మొదటి సంశయము భగవంతునిగూర్చి, రెండవది భగవంతునితో. సందేహము గలిగినదని చెప్పి, ఆ వాక్యము ముగియకమునుపే దయాసముద్రుఁడా యని సంబోధించుచున్నాఁడు. ఉనికి సందిగ్ధమైనవానినే యెదుట నిలిపికొని, నీయందే నాకు సందేహమనుచున్నాఁడు. నమ్మకము సంశయమును దొలఁగింపలేదు. సంశయముయొక్క దిక్కును మార్చినది.

పోతన కావ్యమునందే యితరభక్తులతోఁ బోల్చిన నీ విశేషము స్పష్టపడును. 7వ స్కంధమున హిరణ్యకశిపుఁడు హరి యెక్కడనని యడిగినపుడు, ఆతఁ డొకచోట నుండి యొకచోట లేఁడను సందేహమే వలదని ప్రహ్లాదుఁడు పలుకును. మఱుస్కంధమందే యేనుఁగు సందేహించును. ప్రహ్లాదుని పలుకు ప్రతివాదికిఁ జెప్పిన యుత్తరము. ఆ బాలుఁడు భయ మెఱుఁగనివాఁడు. 10వ స్కంధమున రుక్మిణి, అగ్నిద్యోతనుఁడు తిరిగి రాక యాలస్యమైనపుడు, ఆ బ్రాహ్మణుఁడు చేరెనో, దారిలో నలసెనో, కృష్ణుఁడు తప్పుగాఁ దలంచెనో, యీశ్వరుఁ డనుకూలించునో యని వరుసగా నోకారములతో సంశయించును. ఆమె సంశయము తనలోఁ దా ననుకొన్నది. ప్రహ్లాదునకు సంశయము లేదు. రుక్మిణికి సంశయమున్నను సంబోధ్యుఁడు లేఁడు. గజేంద్రునకు రెండును గలవు. మూఁడు ఘట్టములను బక్కపక్కనుంచి చదువని యధ్యాపకుఁడు భక్తి యొక్కరూపముననే యుండునని విద్యార్థికి బోధించు ప్రమాదము గలదు.

ఇచ్చట శాస్త్రపక్షమున నాక్షేపము రావచ్చును. ప్రపత్తికి రక్షించునను విశ్వాస మంగమని శరణాగతిశాస్త్రము చెప్పుచుండఁగా, సంశయించిన వాని శరణాగతి యెట్లు సిద్ధించును? సంశయాత్మునకు నాశము దప్పదని గీత 4వ యధ్యాయమున నున్నదిగదా? దీనికి సమాధానము. ఆ శాస్త్రమే కార్పణ్యమును, అనఁగాఁ దన యశక్తిని దా నెఱుఁగుటను, మఱియొక యంగముగాఁ జెప్పినది. గజేంద్రుఁడు సడలినవని చెప్పుకొన్నవానిలో దేహబలముతోపాటు ధైర్యమును గలదు. నమ్ముటకు వలసిన బలముగూడఁ దనకుఁ జాలకున్నదని యొప్పుకొనుట కార్పణ్యమునకుఁ బరాకాష్ఠ. గీతావాక్యమునందు సంశయాత్ముఁడు శ్రద్ధాహీనునితోఁ జేర్చి చెప్పఁబడినాఁడు. ఆ గీతయందే 6వ యధ్యాయమున నర్జునుఁడు నా సంశయమును నీవే ఛేదింపవలెను, నీవు దప్ప నన్యుఁడు లేఁడని కృష్ణునితోనే యనును. 18వ యధ్యాయమున సందేహము తొలఁగినదని చెప్పును. ఆ నడుమ నెన్నిసారులు ప్రశ్నించినను వాఁడు నశింపలేదు. న్యాయశాస్త్రమును సంశయమును 16 పదార్థములలో నొకటిగా గణించి, విచారమునకు ద్వారముగా నిలిపినది. సంశయము వేఱు, నాస్తిక్యము వేఱు. నాస్తికుఁడు పిలువఁడు.

సంశయము తీఱినట్లు పోతన యెచ్చటను వ్రాయలేదు. రెండవసంశయము వెనుక సంబోధనపరంపరతో నొక మొఱ, అటుపై నొక చిన్నవచనము. అందు గజేంద్రుఁడు ఈశ్వరుఁడు తన్నుఁ గాచుఁగాక యని కోరును. పురుషము మరలఁ బ్రథమమైనది. కాని యిపు డోకారము లేదు, నిర్ణయమును లేదు, ఆశంస మాత్రమున్నది. పిమ్మట నాకసమువంకఁ దలయెత్తి చూచుచు, నిట్టూర్చుచు, శూన్యమునకుఁ జెవి యొగ్గి నిలిచినాఁడు. వేదాంతస్తుతిచేసిన యేనుఁగు చివరకు వినుచున్నది. భయమున నున్నవాని విశ్వాసమున కింతకంటె యథార్థమైన చిత్తరువు తెలుఁగునఁ గానరాదు.

ఫలముఁ జూడుఁడు. బ్రహ్మాదులు విశ్వమయులు గానందున రాలేదు. మూలమున హరి చక్రధరుఁడై గరుడు నెక్కి వచ్చినాఁడు. పోతన హరి లక్ష్మితోఁ జెప్పక, శంఖచక్రములను జేతఁ బూనక, గరుడుని సిద్ధము చేయక పరుగెత్తినాఁడు. సందేహించినవానిని ముందుగా సమాధానపఱచి పిదప రక్షించుట యను క్రమమును గవి పాటింపలేదు. ఉన్నాఁడో లేఁడో యను ప్రశ్నకుఁ బద్యరూపమైన యుత్తరమే లేదు, రాకయే యుత్తరము. సంశయించి నిలువలేకపోయిన యేనుఁగును, సన్నాహమునకు నిలువలేకపోయిన వేలుపును, ఈ రెండు తొందరలును మూలమున లేనివి, రెండును పోతనవి, ఒకదానికొకటి సరిపడునట్లు కూర్పఁబడినవి. మొదటిదానిని దోషమని తీసివేసినచో రెండవది నిర్హేతుకమగును.

కావునఁ బాఠము చెప్పునపు డీ సంశయపద్యమును చమత్కారమని తేల్చి దాఁటిపోవుటయు, కాకువని సర్దుటయు నుచితము గాదు. పిల్లవాఁడు ‘ఏనుఁగునకు నమ్మకము లేదా?’ యని యడిగినచో, ఆ ప్రశ్నకుఁ గినియక, ‘లేదని యనిపించినప్పుడుకూడ నెవరితోఁ జెప్పుకొన్నదో చూడు’ మని తరువాతి పద్యములఁ జదివింపవలెను. పద్యక్రమమున నర్థము సర్వమును గలదు.