భూగర్భజలాల లెక్కకు యంత్రం రాసే కోడ్

గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం, పటాన్‌చెరు. ఈ వరసలో మందుల పరిశ్రమలు వెలసి దశాబ్దాలు దాటింది. వాటి వ్యర్థజలం వాగుల్లో, చెరువుల్లో పడి నేలలోకి ఇంకిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. పైన పారే నీళ్లనైతే సీసాలో పట్టి పరీక్షకు పంపొచ్చు. గ్రానైటు పగుళ్లలో కదిలే నీళ్లు ఎటు పోతున్నాయో, పదేళ్లకు ఏ ఊరి బోరును చేరతాయో మాత్రం లెక్క కట్టి తెలుసుకోవాల్సిందే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్త వి.వి.ఎస్. గురునాథరావు బృందం ఉమ్మడి మెదక్ జిల్లాలోని పారిశ్రామికవాడలో కాలుష్యం భూగర్భజలాల్లో ఎలా కదులుతోందో అంచనా కట్టి 2001లో ప్రచురించింది.

ఇలాంటి పనికి ప్రపంచమంతటా వాడే ప్రోగ్రామ్ మాడ్‌ఫ్లో. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ దాన్ని 1984లో ఫోర్ట్రాన్‌లో తయారుచేసింది. నేలను పొడవునా, వెడల్పునా, లోతునా గళ్లుగా విడగొడతారు. ఒక గడిలో నీటిమట్టం ఎంతన్నది చుట్టూ ఉన్న ఆరు గళ్ల మట్టాన్ని బట్టి, రాతిలో నీరు పారే తీరును బట్టి, ఇంకిన వానను బట్టి, మోటార్లు తోడేదాన్ని బట్టి తేలుతుంది. సమీకరణం ఒక్క పంక్తిలో పడుతుంది.

చిక్కంతా పరిమాణంతోనే. గడి కొలతను మూడు వైపులా సగానికి తగ్గిస్తే గళ్లు 8 రెట్లవుతాయి. కాలుష్యం వ్యాపించడాన్ని అంచెలంచెలుగా సూటిగా లెక్కించే పద్ధతిలో కాలపు అంచె కూడా నాలుగో వంతుకు దిగాలి. అంటే పని 32 రెట్లు. పైగా ఒక గడి లెక్క తేలడానికి మెమరీ నుంచి ఏడు అంకెలు తేవాలి, చేసేది మాత్రం కాసిని కూడికలూ గుణకారాలూ. ప్రాసెసర్ ఎక్కువసేపు అంకెల రాక కోసం కాచుకుని కూర్చుంటుంది.

దీనికి విరుగుడు పొలాన్ని మళ్లుగా కట్టుకున్నట్టు గళ్లను చిన్న మళ్లుగా విడగొట్టడం. ఒక మడి అంకెలు ప్రాసెసర్ పక్కనుండే కాష్‌లో సరిపోతాయి. వాటిని ఒకసారి తెచ్చాక ఒక్క అంచెతో వదిలెయ్యకుండా నాలుగైదు అంచెలు ముందుకు నడపాలి. ఇక్కడే మెలిక ఉంది. మడి అంచున ఉన్న గడికి పక్క మడిలోని విలువ కావాలి, అదింకా లెక్క కాలేదు. అందుకని మడిని నిటారుగా కాకుండా కాలంతోపాటు వాలుగా కోస్తారు. మూడు లూపుల కోడ్ ఇలా కోసేసరికి వందల పంక్తులవుతుంది. మామూలు ప్రాసెసర్ బదులు గ్రాఫిక్స్ ప్రాసెసర్ (జీపీయూ) వస్తే కోత మారుతుంది. చేత్తో రాసిన మనిషి మళ్లీ మొదటికి రావాలి.

ఈ భారం దించడానికి ముందు వచ్చినవి లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ సముదాయాలు. 1979లో వెలువడిన బ్లాస్‌తో వెక్టర్ లెక్కలకు అందరికీ ఒకే పిలుపు స్థిరపడింది. ఏ యంత్రానికి తగ్గ కోడ్ ఆ యంత్రం తయారీదారే లోపల నింపుకోవచ్చు. ఇప్పటి మాడ్‌ఫ్లో కూడా ఎన్నో ప్రాసెసర్ల మీద నడవడానికి ఆర్గాన్ ప్రయోగశాల తయారుచేసిన పెట్సీ లైబ్రరీని వాడుకుంటుంది. కానీ లైబ్రరీకి ఒక హద్దుంది. రెండు పిలుపులు వరసగా చేస్తే అవే అంకెలు మెమరీకి వెళ్లి మళ్లీ రావాలి. ఆ రెంటినీ కలిపి ఒకే లూపుగా కుట్టడం దాని చేతిలో లేదు.

కోడ్‌ను ప్రోగ్రామే పుట్టించే సంప్రదాయం అక్కడ అందుకుంది. ఎంఐటీలో మాటియో ఫ్రిగో, స్టీవెన్ జాన్సన్ 1997లో తెచ్చిన ఫూరియే పరివర్తన లైబ్రరీ ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూలో సీ భాష ముక్కలను ఓకామల్‌లో రాసిన ఒక ప్రోగ్రామ్ పుట్టిస్తుంది. ఆ ముక్కల్లో ఏ కూర్పు వేగంగా నడుస్తుందో మీ యంత్రం మీదే కొలిచి ఎంచుకుంటుంది. వాలు కోత సంగతికొస్తే, ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్న ఉదయ్ బొందుగుల ఒహాయోలో పరిశోధక విద్యార్థిగా ఉండగా సహచరులతో కలిసి 2008లో ప్లూటో అనే ప్రోగ్రామ్‌ను ప్రచురించారు. ఏ లెక్క దేని మీద ఆధారపడిందో ప్లూటో అసమానతలుగా రాసుకుంటుంది, వాటిని పరిష్కరించి మళ్లను ఏ వాలున కొయ్యాలో తానే తేలుస్తుంది. ఈ రంగంలో ఇంత అందమైన గణితం నాకు మరొకటి కనబడలేదు.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో భూకంప తరంగాల లెక్కల కోసం పుట్టిన డెవిటో అనే ప్రోగ్రామ్ ఇంకో మెట్టు పైకి వెళ్లింది. శాస్త్రవేత్త పైథాన్‌లో సమీకరణాన్ని సమీకరణంగానే రాస్తాడు. అవకలజాల కచ్చితత్వ క్రమాన్ని 2 నుంచి 8కి పెంచాలంటే మార్చేది ఆ ఒక్క అంకె. పొరుగు గళ్లను ఎంతవరకు చూడాలి, ఉమ్మడి గుణకాలను ఎక్కడ బయటికి లాగాలి, మడి ఎంతుండాలి అన్నవన్నీ మళ్లీ తేల్చుకుని డెవిటో కొత్త సీ కోడ్ రాసిస్తుంది. అదే సమీకరణం నుంచి జీపీయూ కోడ్ కూడా వస్తుంది. నీటి మీద బతుకంతా వెచ్చించిన మనిషి కాష్ కొలతలు నేర్చుకోనక్కర్లేదు.

ఈ పరిశ్రమలున్న సంగారెడ్డి జిల్లాకు ఇది దూరపు విద్యేమీ కాదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవా యంత్రం ఉంది. అక్కడి రామకృష్ణ ఉపద్రష్ట బృందం కంపైలర్ల మీదే పనిచేస్తోంది. ప్రోగ్రామ్‌లను అంకెల వరసలుగా మార్చి యంత్రాభ్యాసానికి అందించే ఐఆర్‌టువెక్ వాళ్లదే. ఈ నైపుణ్యం గడ్డపోతారం నేల కిందికి కూడా చేరాలని నా కోరిక.

ఎవరూ చదవని కోడ్‌ను నమ్మడమెలా అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి పరీక్ష ఉంది. జవాబును ముందే ఎంచుకుని, అది సరిపోయేలా సమీకరణానికి ఒక పదం కలిపి ప్రోగ్రామ్‌ను నడుపుతారు. రెండో క్రమపు పద్ధతిలో గళ్లను సగానికి కుదించినప్పుడు తప్పు నాలుగో వంతుకు తగ్గాలి. తగ్గకపోతే ఎక్కడో పురుగుంది. ఆ పరీక్ష దాటిన కోడ్‌ను కూడా బోర్ల కొలతలతో పోల్చాలి. వానలకు ముందోసారి, తర్వాత మరోసారి ఎవరో ఒకరు టేపు పట్టుకుని వెళ్లి ఆ మట్టాలు రాసుకు రావాలి.