తెరమీది బిగింపు: ఫ్రీకాడ్‌లో యంత్రభాగముల కూర్పు

తలుపునకు రెండు మడతబందులు బిగించు వడ్రంగి, రెంటి ఇరుసులును ఒకే నిలువుగీతలో పడినవో లేదో మొదట చూచుకొనును. కొంచెము తప్పినను తలుపు పట్టివేయును. బలవంతముగా తోసినచో మరలు ఊడివచ్చును. కంప్యూటరు తెరమీద తలుపును కూర్చువానికి ఈ చింత లేదు. అచ్చట గీతలన్నియు కచ్చితములే, కనుక తలుపు హాయిగా తిరుగును. ఫ్రీకాడ్ అను ఉచిత రూపకల్పన సాధనము యొక్క 1.0 విడుదల 2024 నవంబరు 18న వెలువడినది. యంత్రభాగములను ఒకదానితో నొకటి కూర్చు వసతి అందులో అంతర్భాగమైనది. ఖర్చు లేనిది గనుక పాఠశాలలకు అందుబాటులో నున్నది. కాని దానితో విద్యార్థి ఏమి నేర్చును, ఏమి నేర్వడు అన్నది విచారింపదగిన విషయము.

భాగములను నిబంధనలతో పట్టియుంచుట అను భావము క్రొత్తది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1963లో ఐవాన్ సదర్లండ్ డాక్టరేటు పట్టమునకై సమర్పించిన స్కెచ్‌పాడ్‌లోనే అది కలదు. టిఎక్స్-2 అను కంప్యూటరు తెరపై కాంతికలముతో గీతలు గీచి, ఇవి రెండును సమాంతరముగా నుండవలెను, అవి రెండును సమానముగా నుండవలెను అని చెప్పినచో, యంత్రమే బొమ్మను సవరించెడిది. గీచువాడు సంబంధమును చెప్పిన చాలును. స్కెచ్‌పాడ్ సమతలమునకు పరిమితము. నేటి సాధనములు అదే భావమును ఘనరూపములకు విస్తరించినవి.

కట్టుబాటు లేని దృఢవస్తువునకు ఆరు స్వేచ్ఛలు గలవు: మూడు దిశలలో జరుగుట, మూడు అక్షముల చుట్టును తిరుగుట. ఫ్రీకాడ్‌లో ముందుగా ఒక భాగమును నేలకు పాతినట్లు కదలకుండ చేయుదురు. తక్కిన భాగములను దానికి కీళ్లతో తగిలింతురు. మడతబందు వంటి కీలు ఐదు స్వేచ్ఛలను హరించి ఒక్కదానిని మిగుల్చును. జారుడు కీలు కూడ ఒక్కదానినే మిగుల్చును. స్తంభపు కీలు, అనగా గొట్టములో కడ్డీ జారుచు తిరుగునట్టిది, రెండు మిగుల్చును. గుండు కీలు మూడు మిగుల్చును. స్థిరమైన కీలు దేనిని మిగల్చదు.

ఈ ఏర్పాటు మెచ్చదగినది. 1.0కు పూర్వము ఔత్సాహికులు రచించిన అనుబంధములను వేరుగా తెచ్చుకొనవలసి వచ్చెడిది, ఒకదాని పద్ధతి మరొకదానికి సరిపడెడిది కాదు. పైగా ఈ తలమును ఆ తలమునకు ఆనించుము, ఈ అక్షమును ఆ అక్షముతో కలుపుము అని చెప్పు పాతపద్ధతిలో విద్యార్థి ఆకారములనే చూచును గాని చలనమును చూడడు. కీలు పేరు చెప్పవలసి వచ్చినపుడు, ఈ భాగము ఎట్లు కదలవలెను అను ప్రశ్న ముందుకు వచ్చును. యంత్రశాస్త్రమునకు అదియే ప్రవేశము.

ఇక లోపము. పై తలుపునే తీసికొని లెక్క వేయుడు. తలుపునకు ఆరు స్వేచ్ఛలు. మొదటి మడతబందు ఐదింటిని తీసివేయును, రెండవదియు ఐదింటిని తీసివేయును. మిగిలినది నాలుగు ఋణము! లెక్క ప్రకారము తలుపు కదలరాదు, కాని తెరపై కదలుచున్నది. లెక్క అబద్ధము కాదు. రెండవ మడతబందు పెట్టిన నిబంధనలన్నియు మొదటి దానివే మరల చెప్పినట్లయినవి. ఇరుసులు కచ్చితముగా ఒకే గీతలో నుండుటచే అవి పరస్పరము విరోధింపలేదు. కొయ్యలో ఆ కచ్చితత్వము దొరకదు. దొరకనప్పుడు మిగులు నిబంధనలన్నియు వంపుగా, పట్టుగా, అరుగుదలగా తేలును. ముక్కాలిపీట ఏ నేలమీదనైన కుదురుగా నిలుచుట, నాలుగు కాళ్ల బల్ల ఊగుట కూడ ఈ న్యాయమే. నులకమంచము ఊగకపోవుటకు కారణము దాని అతుకులలోని వదులు. తరగతిలో ఉపాధ్యాయుడు క్రిందివైపు గుండు కీలును, పైవైపు నిలువు కడ్డీపై జారు గుండును ఊహించి లెక్క వేయించవచ్చును: ఆరులో మూడు పోయి, మరి రెండు పోయి, సరిగా ఒకటి మిగులును.

స్థిరమైన కీలు విషయములో ఆక్షేపణ మరింత గట్టిది. కమ్మరి, కంసాలి, వడ్రంగులకు అతుకుట, పొదుగుట, బిగించుట, దిగగొట్టుట వేరువేరు పనులు. తెరమీద అన్నియు ఒక్కటే! రెండు పలకలను 10 మిల్లీమీటర్ల బోల్టుతో బిగించుట చూడుడు. మధ్యస్థ ప్రమాణము ననుసరించి అట్టి బోల్టునకు 11 మిల్లీమీటర్ల రంధ్రము చేయుదురు. కనుక ఒక్కొక్క పలక బోల్టు నడిమి నుండి ఏ ప్రక్కకైనను అర మిల్లీమీటరు జరుగగలదు, ఒక పలక దృష్ట్యా రెండవది ఒక మిల్లీమీటరు వరకు జరుగగలదు. దానిని జరుగనీయనిది నట్టు బిగించుటచే కలుగు నొక్కుడు, ఆ నొక్కుడు వలని ఘర్షణ. బోల్టు పట్టియుంచునే గాని, స్థానమును నిర్ణయింపదు. స్థానము కచ్చితముగా కావలసినచోట సరిపడు పిన్నులు దించుదురు. అవియు రెండైనచో, ఒకదానిని గుండ్రని రంధ్రములోను, రెండవదానిని సాగిన గాడిలోను ఉంచుదురు, లేనిచో తలుపు మడతబందుల కథ పునరావృతమగును. తెరపై బోల్టు నడుమను రంధ్రపు నడుమతో కలిపి స్థిరమని ముద్రవేసిన విద్యార్థికి, పిన్ను ఎందులకో ఎన్నటికిని తోచదు. ఇది ఫ్రీకాడ్ ఒక్కదాని దోషము కాదు, ఖరీదైన సాధనములలోను ఉన్నదే. ఐనను నేర్చుకొనువారి చేతికి వచ్చునది గనుక ఇచ్చట ఎక్కువగా బాధించును.

పాత విడుదలలలో మరొక చిక్కు ఉండెడిది. ఫ్రీకాడ్ ప్రతి తలమునకు ఒక సంఖ్య నిచ్చును. వెనుకటి దశలో ఒక రంధ్రము చేర్చినచో ఆ సంఖ్యలు మారిపోవచ్చును, అప్పుడు ఆరవ తలమునకు తగిలించిన భాగము మరొక తలమునకు అంటుకొనెడిది. 1.0లో దీనిని చాలవరకు తగ్గించిరి, కాని నిర్మాతలు దీనిని నివారణ అనక ఉపశమనము అనియే పేర్కొనిరి. ఆ నిజాయితీ అభినందనీయము. రెండు మూడు భాగముల చిన్న కూర్పును చేయించి, పిమ్మట మొదటి భాగములో ఒక గాడిని చేర్పించి, కీళ్లు యథాస్థానముల నున్నవో లేవో విద్యార్థులచేతనే పరీక్షింపజేయుట ఉత్తమము. కీలు స్థానము తప్పినచో ఏ తలము పోయి ఏ తలము వచ్చినదో వారే వెదకి పట్టుకొందురు.